తెగిన కూత

గౌలిపుర,
బుధవారం పొద్దున.

ప్రియమైన వీణకు,

అమ్మ దీవెనలు. దేవుని దయవల్ల నేను, మీ నాన్న, తమ్ముడు వెస్లీ బాగానే ఉన్నాం. అయితే శనివారం నీ ఉత్తరం అందినప్పటి నుంచి నేను ఒక్క చోట కుదురుగా కూర్చున్నది లేదు. ఇది మొదలుపెట్టాక ఇప్పటికే రెండుసార్లు లేచాను. ఒకసారి పాలు పొంగాయి. రెండోసారి ఎందుకు లేచానో నాకే తెలియదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వెస్లీ నీ బూట్లు వేసుకోవడం లేదు, వాడికి పట్టవు. సలీమా ఆంటీ మోకాలు నయమే, మెట్లెక్కి వచ్చి మరీ మన సంగతులు అడుగుతోంది. సినిమా సంగతి కూడా నిజమే. ఛత్రినాక స్కూలు గ్రౌండులో పది రోజులుగా షూటింగ్ జరుగుతోంది. యాభై ఏళ్ల కబడ్డీ ఆటగత్తె మళ్లీ బరిలోకి దిగే కథ, నవ్వుల సినిమా. హీరోయిన్‌కు ముప్పై దాటలేదు, ఆట అసలే రాదు. అందుకని ఆమె కూతకు వెళ్లినప్పుడల్లా వెనకనుంచి కనిపించేది మీ అమ్మ వీపు.

మొదటిరోజు అందంగా కనిపించాలని తలకు నల్లరంగు వేసుకుని పోయాను. మేకప్ అతను తల పట్టుకున్నాడు. హీరోయిన్‌కూ నాకూ ఒకే డబ్బాలోంచి తెల్లరంగు పూశాడు. ఇరవై ఆరేళ్ల తర్వాత గీత మీద కాలు పెడితే కాళ్లు ఆటను గుర్తుపట్టాయి, నడుము గుర్తుపట్టలేదు. అయినా ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఇక నువ్వు రాసిన సంగతి. నీ కూత ఆగిందని అంపైర్ ఈల వేస్తే, ఆ ఈల లాక్కుని గోడ అవతలికి విసిరావు. వచ్చే సోమవారంలోగా క్షమాపణ రాసివ్వకపోతే హాస్టల్ నుంచి పంపించేస్తామన్నారు. "అమ్మా, ఆ రోజు నువ్వు తల వంచలేదు. నేనూ వంచను" అని రాశావు. నన్ను కూర్చోనివ్వనిది ఆ మాటే.

ఆ కథ నీకు ఉగ్గుపాలతో పోశాం. ఫైనల్లో ఒక్క పాయింటు వెనకబడ్డాం. చివరి కూత నాది. ఇద్దరిని ముట్టుకుని గీత దాకా వచ్చేసరికి అంపైర్ విమలాదేవి మేడమ్ ఈల వేసి, కూత తెగింది, అవుట్ అన్నది. నేను ఆవిడకు చెయ్యి కూడా ఇవ్వకుండా వచ్చేశాను. మా జట్టులో ఆడిన సలీమా ఆంటీ గీత మీదే కూర్చుని లొల్లి చేసింది. బస్తీ అంతా ఆవిడకు చెవిటి విమల అని పేరు పెట్టింది. పోయిన వారం చాయ్ దగ్గర ఈ కథంతా డైరెక్టర్‌కు చేతులు ఊపుకుంటూ చెప్పాను. ఆయన పడీపడీ నవ్వి సినిమాలో పెట్టేశాడు. చెవుల్లో దూది పెట్టుకున్న అంపైర్ వేషానికి ఒక కమెడియన్‌ను కూడా పిలిపించాడు.

మొన్న సోమవారం ఆ సీను తీస్తున్నారు. నేను గీత దగ్గర నిలబడి దమ్ము పట్టుకుంటుంటే డైరెక్టర్ దగ్గరికొచ్చాడు.

"అక్కా, కూత అక్కర్లేదు. గొంతు తర్వాత డబ్బింగులో పెట్టుకుంటాం. పెదాలు కదిపితే చాలు."

నేను గీత దాటలేదు వీణా. ఎందుకంటే ఆ రోజు నేను చేసింది అదే. రెండో అమ్మాయిని ముట్టుకుని వెనక్కి తిరిగేసరికి నా దమ్ము అయిపోయింది. గీత ఇంకా రెండడుగులుంది. నోరు మూస్తే అందరికీ తెలిసిపోతుందని పెదాలు ఆడిస్తూ నడిచాను. అంత అరుపుల్లో నా గొంతు లేదని పట్టుకున్నది ఆవిడ ఒక్కతే. ఈ సంగతి మీ నాన్నకూ తెలియదు, సలీమాకూ తెలియదు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ నేనే సగం నమ్మేశాను. సిగ్గుగా ఉంది బిడ్డా.

కథ అబద్ధమని డైరెక్టర్‌తో చెప్పేశాను. అంపైర్‌ది తప్పు కాకపోతే నవ్వు ఎక్కడినుంచి వస్తుందన్నాడు. వేరే ఎవరి వీపైనా చూసుకోమని తెల్లరంగు కడుక్కుని వచ్చేశాను. సీను ఉంచుతాడో తీసేస్తాడో తెలియదు.

నిన్న దబీర్‌పురా స్టేషన్ వెనక ఆవిడ ఇల్లు వెతుక్కుని పోయాను. డెబ్బై దాటాయి. గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి రాహేలువు కదా అన్నది. నేను కూర్చోలేదు.

"మేడమ్, ఆ దినం నా కూత తెగింది. మీరు సరిగ్గనే ఈల ఏసిండ్రు."

అప్పుడే రైలు వచ్చింది. అది పోయేదాకా ఆగి, నెమ్మదిగా అన్నది.

"ముగ్గురు డాక్టర్లకు చూపిచ్చుకున్న బిడ్డా. చెవులు మంచిగున్నయన్నరు. నేనే నమ్మలే."

ఆ మ్యాచ్ తర్వాత ఆవిడ మళ్లీ అంపైరింగ్ చేయలేదట. నాకు ఏడుపు ఆగలేదు. నీ సంగతి కూడా చెప్పాను. ఆవిడ లోపలికి పోయి, పెట్టెలోంచి తన ఈల తెచ్చి నా చేతిలో పెట్టింది. నీ పిల్ల పారేసిన దాని బదులు ఇది ఇమ్మని చెప్పు అన్నది.

పోస్టును నమ్ముకోలేక మీ నాన్నను రేపటి బస్సులో పంపుతున్నాను. ఉత్తరం అంటించలేదు, దారిలో చదివితే చదవనీ. నీ కూత ఆగిందో లేదో నీకే తెలుసు. ఆగకపోయినా ఈల లాక్కోవడం తప్పే. క్షమాపణ రాసి, ఈ ఈలతో పాటు నీ చేత్తో మీ అంపైర్‌కు ఇవ్వు. ఇచ్చేముందు ఒక్కసారి ఊది చూడు. ఇంకా బాగానే మోగుతోంది.

ఇట్లు,
ఆ రోజు నిజంగానే అవుటైన
నీ అమ్మ,
రాహేలు