వరఖు కొట్టే దయ్యం

అన్నా,

ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. మిఠాయిల మీద అద్దే వెండి వరఖు నువ్వు కొట్టిన శాలిబండ హవేలీలో ఇప్పుడు విదేశీ టూరిస్టులకు దయ్యాన్ని చూపిస్తున్నారు. వాళ్ల దేశంలో ఇవి దయ్యాల పండగ రోజులట. ఇక్కడి దయ్యం నువ్వే.

ఈ సాయంత్రం నేనూ వాళ్ల వెంట లోపలికి వెళ్లాను. శాపం తగిలి చచ్చిన పనివాడు ఇంకా సుత్తె కొడుతున్నాడని చెప్పి, గైడు పక్క గదిలోకి జారుకుని గోడను టకటకా బాదాడు. దొరసానులు కెవ్వుమన్నారు.

నాకు ఒళ్లు మండి వాడి దగ్గరికి వెళ్లాను.

"ఏం శాపం భాయ్? కప్పు కూలుతదని ఆ పనోడు ఎంత మొత్తుకున్నా యజమాని ఇనలే. వానకు అదే మీద పడి సచ్చిండు. మా అన్న ఆయన!"

"గా ముచ్చట చెప్తే ఎవరొస్తరు సాబ్?"

"మరి గట్లనా కొట్టేది?"

నువ్వు నాలుగు దెబ్బలు వేసి, వెండి రేకులు మధ్య మధ్య పెట్టిన తోలు పుస్తకాన్ని తిప్పడానికి ఆగేవాడివి. వాడికి తెలియాలని గోడ మీద నాలుగు దెబ్బలు వేసి ఆగాను. మళ్లీ వేశాను. మళ్లీ ఆగాను. అవతల ఈసారి ఎవరూ అరవలేదు.

గైడు నా భుజం పట్టుకున్నాడు. "చాలు సాబ్, నాకే భయమైతుంది."

దయ్యాల్లేవని ఊరూరా ఉపన్యాసాలిచ్చిన నేను చెయ్యి ఆపలేకపోయాను.