మూడో మాట కూడా చెప్పాను

రెబ్కా,

అన్నం కుక్కర్లో ఉంది, చేపల పులుసు వేడి చేసుకుని తిను. గ్యాస్ కట్టేశాను, రెండుసార్లు చూశాను. నేను మెట్రోలో ఒక్కదాన్నే కరోల్ బాగ్ ప్రార్థన కూడికకి వెళ్తున్నాను. కేకలెయ్యకు. నువ్వు చెప్పిన మూడు మాటలు అయిదు నిమిషాల తర్వాత తిరిగి చెబితే ఒంటరిగా పంపిస్తానన్నది నువ్వే.

గొడుగు, నిమ్మకాయ, కిటికీ.

చూశావా! మూడు నెలలుగా మూడో మాట జారిపోతూనే ఉండేది. "బ్రాహ్మి మాత్రలు పన్నెండు వారాలు వాడితే కొందరికి జ్ఞాపకం కాస్త మెరుగైందట, అందరికీ కాదు, మరీ ఆశ పెట్టుకోకండత్తయ్యా" అన్నావు. ఆ ఆకులో పనిచేసేది బాకోసైడ్ అని కూడా అన్నావు. ఆ పేరు సీసా చూడకుండా రాశాను! మాత్ర గొప్పో, నువ్వు రోజూ కూర్చుని అడగడం గొప్పో నువ్వే తేల్చుకో, నర్సువి కదా.

వచ్చేటప్పుడు మన ఇంటివైపు వచ్చే, వైశాలి అని రాసున్న బండే ఎక్కుతాను. ఒక్కసారి నోయిడా బండెక్కి తప్పిపోయినందుకు నన్ను మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టావు. అదొక్కటీ ఏ మాత్రా లేకుండానే గుర్తుంది.

ఆరింటికల్లా వచ్చేస్తాను.

అత్తయ్య

ఇంకోటి. నిన్న డ్యూటీ నుంచి వచ్చి మాటలు చెప్పావు, తిరిగి అడక్కుండానే సోఫాలో నిద్రపోయావు. లేపబుద్ధి కాలేదు. అయిదు నిమిషాలకని ఇచ్చినవాటిని ఇవాళ మధ్యాహ్నం దాకా మోశాను. మర్చిపోయింది నువ్వు! రేపట్నుంచి నువ్వూ ఒక మాత్ర వేసుకో.