బురదలో దొరికిన నాటన్స్

మే 7, 1979
రికార్డు మీద సంతకం కాలేదు. నీటి అత్తిపత్తి తీగ ఎండబెట్టి అతికించిన షీటు మీద బోటనీ సార్ ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీశారు. లాటిన్ పేరులో 'నాటన్స్' అని రాశాను కదా... "నాటన్స్ అంటే తేలేది. తేలేదైతే కాడ చుట్టూ బెండుండాలి. ఏదమ్మా? పుస్తకంలో చూసి దించేస్తే ఎలా?" అన్నారు.
దించలేదు. మా మండపేట కాలువలో ఈ తీగ తేలుతుంటే చూస్తూ పెరిగాను. వేసవికి కాలువల్లో నీళ్లు కట్టేశాక బురదలోంచి పీక్కెళ్లాను — అదీ నా తెలివి. సంతకం లేనిదే సెప్టెంబరు ప్రాక్టికల్స్‌కు రానివ్వరు. ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే టైపు నేర్చుకుని మిల్లు ఆఫీసులో చేరమన్నారు నాన్న.

మే 8
ఏడ్చాను. అన్నం మాత్రం మానలేదు.

మే 10
వెనక వీధిలో రిటైరైన పాస్టరు గారికి లాటిన్ వచ్చు. పలక తెప్పించి మరీ చెప్పారు. "నాటారే అంటే ఈదడం, తేలడం. నాటన్స్ అంటే ఈదుతున్నది. ఈదినదీ కాదు, ఈదగలిగేదీ కాదు తల్లీ. ఇదిగో, మనం చూస్తుండగా ఈదుతున్నది. పుట్టుక క్రియ, చేసేది విశేషణం పని. మన 'పారే నీరు'లో 'పారే' లేదూ, అలాగ."
మరి ఇంకా నీళ్లలో దిగనిది?
"నాటాటూరా. ఈదబోయేది." నవ్వారు. "నీ తీగ ప్రస్తుతం అదేనమ్మా."
అంటే సార్ అన్నదీ నిజమే. కోపం సగం దిగింది. సగమే.

మే 11
ఆ బురదలోంచే అలాంటి తీగ ఇంకోటి, వేళ్లతో సహా తెచ్చి పాత కుడితి తొట్టిలో వేశాను. నిండా నీళ్లు. అమ్మ — "దోమల్ని పెంచుతావేంటే?"

మే 19
ఏమీ లేదు. ముట్టుకుంటే ఆకులు ముడుచుకుంటున్నాయి. రికార్డు సంగతి ఎవరైనా అడిగితే నేనూ అంతే.

మే 29
కొత్త కాడ మీద తెల్లటి పొర. మెత్తగా ఉంది. "బూజు కాదు కదే?" అంది అమ్మ. కాదు. బెండు. బెండే.

జూన్ 10
జానెడు బెండు. నాన్న బక్కెట్ తనే తోమి ఇచ్చారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

జూన్ 11
రాజమండ్రి బస్సు. కాళ్ల మధ్య బక్కెట్. కండక్టరు — "చేపలాండీ?" కాదండీ, మొక్క. ద్వారపూడి దాటాక ఒక గతుకు... సగం నీళ్లు నేలపాలు. పక్కావిడ తన మరచెంబు బక్కెట్లోకి ఒంపేసింది.
కాలేజీలో ల్యాబ్‌కు తాళం. సార్ పదకొండుకి వస్తారండి, అన్నాడు ప్యూను. పదకొండున్నరయింది. మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. గేటు దగ్గర సైకిలు బెల్లు — సార్‌దేనా...
బక్కెట్లో తీగ ఈదుతోంది.