వదలొద్దన్న పానా

కోరుట్ల,
ఆదివారం.

దుబాయిలో ఉన్న మీకు సౌమ్య నమస్కరించి రాస్తున్నది. ఏడో తరగతితో ఆగిన చదువు నాది, ఒత్తులు తప్పుంటాయి, అక్షరాలు వంకరపోతాయి, ఏమనుకోకండి. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీరు వేళకు తింటున్నారని తలుస్తున్నాను.

అత్తమ్మ మోకాలి సంగతి అడిగారు. జగిత్యాల డాక్టరు మందుతో నొప్పి తగ్గింది, మెట్లెక్కుతున్నారు. మామయ్య మెకానిక్ షెడ్డు తాళంచెవి అద్దెకడిగిన వాళ్లకు ఇచ్చారా అనీ అడిగారు. ఇవ్వలేదు. నెలాఖరుకు ఇవ్వమన్నారు కదా, అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబుదామంటే మీ గదిలో నలుగురు వింటారు, నాకు మాట రాదు. ఎల్లుండి అక్కడికి వస్తున్న రాకేశ్ చేతికి ఇస్తాను.

సిరిసిల్ల అరుణ్ టాక్సీ మామయ్య చేతిలో పాడైందని, ఆయన చూపు మందగించిందని మీరు విన్నారు. ఆ మాట నిజం కాదు.

ఆ రోజు బండికి టైమింగ్ బెల్టు, అదే ఇంజను చక్రాలను కలిపి తిప్పే పట్టీ, మారుస్తున్నారు. పాత బెల్టు తీశాక ఇంజను చక్రాలు వెంట్రుకంత కూడా కదలకూడదట. మామయ్య ఆ చక్రాల మీది రెండు తెల్లగీతలు ఎదురెదురుగా కలిపి, పై చక్రం బోల్టుకు పానా తొడిగి నాకిచ్చారు.

"బిడ్డా, నేను బండి కిందికి పోతున్న. చెప్పేదాక ఇడువకు. లోపట స్ప్రింగులు గుంజుతయి, నువ్వు గుంజనియ్యకు."

రెండు చేతులతో పట్టుకున్నాను. మోచేతుల దాకా తిమ్మిరెక్కింది. అంతలో మామయ్య వాళ్లన్న, నర్సన్న పెద్దమామ లోపలికి వచ్చారు.

"ఏందిరా మైసా, కోడలితోని పానాలు పట్టిస్తున్నవా? ఇగ ఇంజను గూడ నెత్తిమీదికెత్తు!"

నా తల మీద కొంగు లేదు. చెయ్యి దానంతటదే కొంగుకు పోయింది. పానా గిర్రున తిరిగింది, గీతలు విడిపోయాయి. అప్పుడే చెప్పాల్సింది. పెద్దమామ ముందు నోరు పెగల్లేదు. గీతలు కలపాలని పానాను వెనక్కి గుంజాను. లోపల ఏదో అడ్డం తగిలింది. భయంతో ఇంకా గట్టిగా గుంజాను. టక్కుమంది, గీతలు మళ్లీ కలిశాయి. పెద్దమామ నవ్వులో అది ఎవరికీ వినపడలేదు.

"పట్టే ఉన్నవా బిడ్డా?" అని బండి కింద నుంచి మామయ్య అడిగారు.

"పట్టే ఉన్న మామా."

స్టార్ట్ చేస్తే బండి దగ్గింది. గీతలు సరిగా కలపక ఇంజను లోపలి వాల్వులు వంగాయన్నారు. అరుణ్ నలుగురిలో, "మైసన్నా, కండ్లద్దాలన్న మార్చు, షెడ్డన్న బందువెట్టు" అన్నాడు. అప్పటి నుంచి మామయ్య రోజూ గోడ మీద సుద్దతో రెండు గీతలు గీసి, దూరం నుంచి చూసుకుంటున్నారు.

ఇంతవరకు రాసి, పొద్దున ఆయనకే చదివి వినిపించాను.

"గీతలైతే ముందుగాల సక్కగనే ఉండెనా?"

"సక్కగనే ఉండె మామా."

"ఎటు దిక్కు గుంజినవ్?"

చేత్తో చూపించాను.

"గప్పుడే చెప్తే, ఇటు దిక్కు తిప్పి సరిజేద్దును గద!" అని కోపంగా అరిచారు. వెంటనే అంగీ తొడుక్కున్నారు. "నడువు, సిరిసిల్ల పోదాం. అరుణ్‌కు నీ నోటితోనే చెప్పాలె."

బస్సుకు బయల్దేరుతున్నాం. తాళంచెవి ఎవరికీ ఇవ్వమనకండి. ఇన్నాళ్లూ నా రాతకు సిగ్గుపడి, ఉత్తరాలు చదివి కాల్చేయమనేదాన్ని. దీన్ని ఉంచండి. మామయ్య చూపు పోయిందని ఎవరు ఫోన్ చేసినా చదివి వినిపించండి.

ఇట్లు,
మైసయ్య మెకానిక్ కోడలు,
మీ సౌమ్య.