ఇంటి మనుషుల వంతు

శ్రీవారికి,

నేనూ మన గడుగ్గాయీ బాగున్నాం. ఓడ వంటింట్లో మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. ముందు అసలు మాట చెప్పేస్తాను: ఇల్లు మనదైంది. నిన్న తాళాలు ఇచ్చారు. సామానింకా మూటల్లోనే ఉంది, మన వంటగది గట్టు మీద కాగితం పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మీరడిగిన వాటికి జవాబులు. వంటగది కిటికీలోంచి పొద్దున్నే వెలుతురు పడుతుంది. నీళ్లు బాగానే వస్తున్నాయి. స్నానాల గది తలుపు మాత్రం పట్టేస్తోంది, భుజంతో ఓ తోపు తోయాలి. గడుగ్గాయి ప్రతి గదిలోనూ గట్టిగా అరిచి చూసి, "అమ్మా, ఇక్కడెవరూ గోడ బాదట్లేదు" అంది. అద్దెగదిలో పక్కవాళ్ల బాదుడుకి అలవాటు పడిపోయింది పిచ్చిది. నవ్వాను, అంతలోనే కళ్లు తుడుచుకున్నాను.

ఇళ్ల పథకం షరతు మీకు తెలుసు. ముందుగా కట్టాల్సిన సొమ్ముకి బదులు ఇంటి మనుషులే పని చేయాలి, కూలీలని పెట్టకూడదు. వానలు మొదలయ్యేలోగా గోడల పూత అవ్వకపోతే ఇల్లు జాబితాలో మన వెనకున్న వాళ్లకి పోతుంది. పని చకచకా సాగుతోందని మీకు రాశాను గానీ, అది అబద్ధం. కుట్టుమిషను తిప్పే చేతికి తాపీ లొంగలేదు. ఇవాళ పూసింది రేపటికి పెచ్చులుగా రాలేది. పథకం తరఫున పని చూడ్డానికి వచ్చినావిడ మంచి మనిషే. "ఇంట్లో ఇంకెవరూ లేరా అమ్మా?" అని అడిగింది. ఉన్నారు, పిలుచుకొస్తానన్నాను.

పోయిన ఉత్తరంలో ఫొటో చూసి, మూలలు అంత నిక్కచ్చిగా తీసిన మేస్త్రి ఎవరని అడిగారు. మీకు అనుమానం వచ్చే ఉంటుంది. మావయ్యే. మీకు చెప్పకుండా నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. తాపీ వదిలేసి గరిటె పట్టుకున్నారని ఆయన మిమ్మల్ని అన్న మాటలు నేను మర్చిపోలేదు. కానీ ఇల్లు చేజారిపోతుంటే మీ పంతాన్ని పక్కన పెట్టేశాను.

ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెంట వచ్చేశారు. పని చూసే ఆవిడ మీరేమవుతారని అడిగితే, నా వంక చూసి, "ఇంటాయన తండ్రిని" అన్నారు. తను పని చేస్తూనే నాకూ తాపీ పట్టడం నేర్పారు. అన్నాల దగ్గర మాత్రం రోజూ ఒకటే మాట. మీరు ఓడలో నిజంగా అంతమందికీ వండుతారా అని. వండుతారని చెప్పేదాన్ని. మర్నాడు ఏమీ విననట్టు మళ్లీ అదే అడిగేవారు.

నిన్న తాళాలు చేతికొచ్చాక, ఇక్కడే ఉండిపొండి మావయ్యా అన్నాను.

"ఇల్లు వాడిది. వాడు రమ్మనాలి" అని సంచి సర్దుకున్నారు.

గడుగ్గాయి వెళ్లి ఆ సంచి మీద కూర్చుంది. దిగమంటే దిగదు. చివరికి, మీ జవాబు వచ్చేదాకా ఉంటానన్నారు. ఇప్పుడు ఆ స్నానాల గది తలుపు ఊడదీసి చిత్రిక పడుతున్నారు, పక్కనే కూర్చుని గడుగ్గాయి ఆయన బుర్ర తినేస్తోంది.

కోప్పడాలంటే నన్ను కోప్పడండి. జవాబు మాత్రం నాకు రాయకండి, ఆయనకి రాయండి. చిరునామా మన ఇంటిదే.

ఇట్లు,
ఇప్పుడు నిజంగానే
మీ ఇంటావిడ