కంపెనీదే సార్

మచిలీపట్నం,
శుక్రవారం.

గౌరవనీయులైన గీతాంజలి టీచర్ గారికి, మీ దగ్గర పదో తరగతి దాకా చదువుకున్న తబ్రేజ్ నమస్కరించి రాస్తున్నది.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని మా ఆవిడ జరీనా నవ్వింది. ఫోన్లో అయితే నేను సగం చెప్పేసరికే మీరు "పర్లేదులే తబ్రేజ్" అనేస్తారు. ఆ మాట వినే అర్హత నాకు లేదు. అందుకే కాయితం మీద పెడుతున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో కొట్టెయ్యండి, అలవాటైన పనేగా.

మీరు చెప్పినట్టే మొన్న ఆదివారం గుడివాడ వచ్చి, మీ ఇంటి షెడ్డులో ఉన్న శ్రీహరి సార్ కారు వాటర్ పంపు విప్పి తెచ్చుకున్నాను. సార్ రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్న ముప్పై ఏళ్ళ నాటి జపాన్ స్పోర్ట్స్ కారది. దానికి సామాను దొరకడమే గగనం. అయినా ముందుగానే మూడు పంపులు తెప్పించి బల్ల మీద పెట్టాను. ఒకటి కొత్తది, తేలిగ్గా ఉంటుంది, లోపల నీళ్ళు తోసే రెక్కలు ప్లాస్టిక్‌వి. రెండోదీ కొత్తదే, రెక్కలు ఇనప రేకువి. కానీ రెక్కకీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందుంది, బండి నెమ్మదిగా పోతున్నప్పుడు నీళ్ళు సరిగ్గా తోయదు. మూడోది కారు కంపెనీ వాళ్ళ పాత పంపే. కోయంబత్తూరులో కొత్త బేరింగు, కొత్త సీలు వేసి బాగుచేశారు. పోత ఇనుము రెక్కలు. ఇరుసు పట్టుకుని ఊపితే వెంట్రుకవాసి కూడా కదలదు. మన బందరు బోరు నీళ్ళు మాత్రం చుక్క పడనివ్వకూడదు, ఆ ఉప్పుకి తినేస్తుంది. ఇంజన్ని చల్లబరిచే కూలెంటే పొయ్యాలి.

మూడోదే మంచిదని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. రెండేళ్ళ కిందట కూడా చెప్పగలిగేవాణ్ణే టీచర్ గారూ. నేనే చెప్పలేదు.

అప్పుడు అలాంటి పంపు రావడానికి నెలన్నర పడుతుందన్నారు. సార్ వారానికి రెండుసార్లు బస్సెక్కి వచ్చి నా షెడ్డులో స్టూలు మీద కూర్చునేవారు. "పెళ్ళిరోజుకి మీ టీచర్ని హంసలదీవి తీసుకెళ్తానని మాటిచ్చానయ్యా, అయిపోద్దా?" అని అడిగేవారు. ఆయన్ని నిరాశపరచలేకపోయానని రాయబోయాను. అది నిజం కాదు. ఇలాంటి బండి చెయ్యగలిగినవాడు బందరులో నేనొక్కడినేనన్న పేరు పోతుందని భయపడ్డాను. ప్లాస్టిక్ రెక్కలది బిగించేశాను. బిగించే ముందు సార్ దాన్ని చేతిలోకి తీసుకుని, "తేలిగ్గా ఉందేంటి, కంపెనీదేనా తబ్రేజ్?" అన్నారు. "కంపెనీదే సార్" అన్నాను.

ఇప్పుడు విప్పి చూస్తే ఆ రెక్కలు ఇరుసు దగ్గర పగిలిపోయి ఉన్నాయి. ఇరుసు తిరుగుతుంది, రెక్కలు మాత్రం కదలవు. సార్‌కి గుండెనొప్పి వచ్చి మీరు స్టీరింగ్ పట్టుకున్న రోజు, కోడూరు దాటాక బండి వేడెక్కి ఆగిపోయింది ఇందుకే. ఆటో దొరికేదాకా ముప్పావుగంట ఎండలో ఉన్నారు. పడుకోబెడదామంటే వెనక సీటైనా లేని బండి. నాకు అప్పటినుంచే అనుమానం. విప్పి చూసే ధైర్యం లేక, సార్ పెద్దకర్మ తర్వాత ఇన్నాళ్ళూ మీ ఇంటి వైపు రాలేదు. ఆ ముప్పావుగంట నాది.

ఇక ఆ కారు మీద నేను చెయ్యి వెయ్యను. మూడో పంపు ఉయ్యూరులో లాల్ చాచాకి ఇచ్చేస్తాను, ఆయన వచ్చి బిగిస్తాడు. పనిమంతుడు, అబద్ధమాడడు. మీరు నన్ను ఏమన్నా పడతాను. ఏమీ అనకపోతే మాత్రం తట్టుకోలేను.

ఇట్లు,
మీ శిష్యుడు,
తబ్రేజ్.


గుడివాడ,
గురువారం.

నాయనా తబ్రేజ్,

నీ ఉత్తరం సోమవారమే అందింది. చదివి, మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టి రెండు రోజులు అటు చూడలేదు. కోపం వచ్చింది. ఆయనతో అబద్ధమాడావు. క్షమించానని రాస్తే ఇప్పటికది నా అబద్ధమవుతుంది. కానీ ఆ ముప్పావుగంట నాది అన్నావు చూడు, అక్కడ నేను నోరు విప్పక తప్పదు.

ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి అవనిగడ్డలో టిఫిన్‌కి ఆగాం. ఆయన ఒక ఇడ్లీ తిని ప్లేటు పక్కకి జరిపారు. "గుండెల్లో పట్టేసినట్టుంది గీతా, ఎడం చెయ్యి లాగుతోంది" అన్నారు. "గ్యాస్ అయ్యుంటుందండీ. రాత్రి పకోడీలు వద్దంటే విన్నారా" అన్నాను. మన ఇళ్ళల్లో ఛాతీలో ఏమొచ్చినా గ్యాసే కదా. మా నాన్నకీ గ్యాసే అన్నాం, మా అత్తగారికీ గ్యాసే అన్నాం. సోడా తాగించాను. త్రేన్చారు. "చూశారా" అని నవ్వాను కూడా. ఆసుపత్రి ఆ వీధి చివరే ఉంది. ఓసారి చూపించుకుందామా అని ఆయనే అడిగారు. "ఎండెక్కితే అక్కడ నిలబడలేం, వచ్చేటప్పుడు చూద్దాం" అన్నాను. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళకి ఒక్క రోజు షికారు తీసుకెళ్తున్నారు, అదెక్కడ పాడవుతుందోనని నా బాధ.

హంసలదీవి ఇసుకలో కూర్చుని నాకు ఫోటోలు తీశారు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. ఎండ అనుకున్నాను. తిరిగి బయల్దేరేసరికి పదకొండు దాటింది. నీ పంపు ఆయన్ని ఆపింది ముప్పావుగంట. నేను ఆపింది మూడు గంటలు.

ఇది ఎవరికీ చెప్పలేదు. కారు ఆగిపోబట్టే పోయారని అందరూ అంటుంటే అననిచ్చాను. పెద్దకర్మ రోజున మా మరిది గోవర్ధనరావు పందిట్లో అందరి ముందూ, "ఆ బందరు మెకానిక్కే మా అన్నయ్యని చంపేశాడు" అన్నాడు. నువ్వు గేటు దగ్గర నిలబడి విన్నావు. చెప్పులేసుకుని వెళ్ళిపోయావు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అప్పుడు నాకేమనిపించిందో రాయడానికి చెయ్యి రావడం లేదు. హమ్మయ్య అనిపించింది తబ్రేజ్. నా తప్పు మొయ్యడానికి మనిషి దొరికాడనిపించింది. చిన్నప్పుడు నా బల్ల పక్కన నిలబడి పద్యం అప్పజెప్పిన పిల్లాడివి, నీ మీద పెట్టేసి రెండేళ్ళు అన్నం తిన్నాను.

కారు బాగుచేయించమన్నది అమ్ముకోవడానికి కాదు. రోజూ ఆ షెడ్డు తలుపు చూస్తే, ఏ నేరమూ చెయ్యనిదాన్ని తీసుకొచ్చి బంధించినట్టుంటోంది.

మూడో పంపే వెయ్యి. లాల్ గారెవరో నాకు తెలియదు, నువ్వే రావాలి. వచ్చే ఆదివారం గోవర్ధనరావుని భోజనానికి పిలిచాను. నువ్వూ జరీనా కూడా రండి. అతను నిన్ను చూసి మొహం తిప్పుకుంటాడు, ఏదో ఒకటి అంటాడు కూడా. నువ్వు బదులు చెప్పకు, పంపు సంగతి ఎత్తకు. వాళ్ళ అన్నయ్య గుండెనొప్పిని గ్యాస్ అన్నది నేనేనని ముందు నేను చెప్పాలి. అది విని అతను విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోతే వెళ్ళిపోనీ. నువ్వు మాత్రం లేవకు.

ఆశీస్సులతో,
గీతాంజలి.