కుంకుమ పెట్టిన రికార్డు

పుట్టపర్తి,
శనివారం.

చిరంజీవి సుధాకర్‌కు పెద్దక్క దీవెనలు.

దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను. నీవు, లక్ష్మి, పాప ఎలా ఉన్నారు? లక్ష్మి మోకాలి నొప్పి తగ్గిందా? కంబదూరులో వాన పడిందని బస్సు దిగినావిడ ఎవరో చెప్పింది. చేలో చెనిక్కాయ పంట పీకక ముందు పడిందా, పీకినాక పడిందా రాయి. ఇక్కడ మాత్రం మబ్బు పట్టడం, పోవడం, అంతే.

ఈ లాడ్జిలో చేరి ఎనిమిది నెలలైంది. గదులు చూసుకోవడం, దుప్పట్లు ఉతికించడం నా పని. ఒంటికి కష్టం లేదు. తిండే సహించదు. పప్పులో బెల్లం వేస్తారు, అడిగితే రుచి అంటారు. సంగటి ముద్ద తిని ఎన్నాళ్లయిందో. పొద్దున జపం తప్పలేదు. నా గురించి బెంగ వద్దు.

పీటర్ గారు నీకోసం ఇచ్చిన రికార్డుల సంగతి చెప్పాలి. మేడ మీది గదిలో మూడేళ్లున్న ముసలాయన. నీవు హాస్టల్ రోజుల నుంచీ చెవి కోసుకునే ఆ ప్రోగ్రెసివ్ రాక్ అనే ఇంగ్లీషు సంగీతం ఆయనకూ ప్రాణమే. తన దేశానికి పోతూ, తమ్మునికి ఇవ్వమని నాలుగు రికార్డులూ, వాటిని తిప్పే పెట్టెనూ నాకు అప్పగించాడు. నాలుగూ జనం ముందర కచేరీలో వాయించినవే. "స్టూడియోలో చేసింది ఫోటో అక్కా. లైవ్ అంటే మనిషే వచ్చి ఎదురుగా నిలబడినట్టు" అంటావు కదా. ఏముందో చూద్దామని నాలుగూ విన్నాను.

ఒకదానిలో వేణువు ఊదేవాని ఊపిరి కూడా వినబడింది. అది బాగుంది. ఇంకొకదానిలో ఒకడు డ్రమ్ములు కొట్టడం మొదలుపెట్టాడు. పన్నెండు దుప్పట్లు మడిచాను, వాడు ఆపలేదు. జనం ఈలలు వేస్తున్నారు. రోత పుట్టింది. మూడోది నాకు అర్థం కాలేదు. నాలుగోది నీవు ఇన్నేళ్లుగా వెతుకుతున్నది. ఒక పక్కంతా ఒకే పాట. చివరికొచ్చేసరికి పాడేవాని గొంతు పోతుంది. వాడు ఆగిపోతాడు. అప్పుడు జనమే అందుకుంటారు, వేలమంది. మాట ఒక్కటి తెలియకపోయినా పని ఆపి కూర్చుండిపోయాను.

తరువాత ఆయుధ పూజ వచ్చింది. నీళ్ల మోటారు, ఇస్త్రీ పెట్టెలు, స్కూటరు, అన్నిటికీ గంధం కుంకుమ పెట్టే పని నాదే. నీ రికార్డులకూ పెట్టాను. అట్ట మీద పెడితే చొక్కాకు బొట్టు పెట్టినట్టు కదా అనుకుని, అట్టలోంచి తీసి నల్లని ప్లేటు మీదే పెట్టాను, రెండు పక్కలా. గంధం ఆరి గట్టిపడింది. మరునాడు పెట్టె ముల్లు పెడితే గరగరమని ఒకే చోట కొట్టుకుంటోంది. నాలుగూ అంతే. నామీద నాకే అసహ్యం వేసింది. ఎవరికీ చెప్పకుండా మంచం కింద పెట్టాను.

మా మేనేజరు ఆ శబ్దం విన్నట్టున్నాడు.

"ఏమక్కా, ఇంగ అవి పాడవు కదా. ఒగటి నాకియ్యి. వేడినీళ్లల్లో వంచితే గిన్నె అయితాదంట, ఫోన్లో చూసినా."

నాలుగు రోజులకు చూస్తే, ముందు గదిలో బల్ల మీద నల్లని గిన్నె. అంచులు వంకర్లు తిరిగి ఉన్నాయి. దానినిండా తాళింపు బొరుగులు. దిగినవాళ్లు నూనె చేతులతో తోడుకుంటున్నారు. అడుగున నేను పెట్టిన కుంకుమ ఇంకా కనబడుతోంది.

"దేవుని పటం పాతదైతే దాంట్లో కూడా బొరుగులు పోస్తావేమప్పా?" అన్నాను.

"పాటల ప్లేటుకు ఇంత రోసమా అక్కా? నువ్వే కదా ఇచ్చింది."

అని నవ్వాడు. కానీ వాడు అన్నది నిజం. వాడు దొంగిలించలేదు, సుధాకరా. నేనే ఇచ్చాను. మంచం కిందికి చెయ్యిపెట్టి చేతికి అందింది ఇచ్చాను. ఏదని చూడలేదు. ఒకటి తగ్గితే నా తప్పు ఒకటి తగ్గుతుందనుకున్నాను. ఇచ్చింది ఆ నాలుగోదే.

ఆ రాత్రి జపంలో మనసు నిలవలేదు. మరునాడు మిగిలిన మూడింటినీ కుంకుడు నురుగుతో, మెత్తని గుడ్డతో, పట్టు చీర మీది మరక తీసినట్టు తుడిచాను. ఆరబెట్టి ముల్లు పెట్టాను. మూడూ పాడాయి. అక్కడక్కడ చిటపటమంటాయి, అంతే. ఇంకో నాలుగు రోజులు ఓర్చుకుని ఉంటే అదీ పాడేది.

మూడింటినీ, పెట్టెనూ పాత దుప్పట్లో చుట్టి, ఈ సోమవారం కాక పై సోమవారం కళ్యాణదుర్గం బస్సులో పంపిస్తున్నాను. కండక్టరు తెలిసినవాడే. అక్కడి స్టాండుకు వచ్చి తీసుకో. ఆ గిన్నెను మేనేజరు దగ్గర తీసుకుని, కడిగి నా గదిలో పెట్టుకున్నాను. నీకు పంపను, చూడలేవు.

ఇది తెలిసినాక ఫోన్ చేసి "పోనీలే అక్కా" అనవద్దు. నీవు అంటావు, నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ నేను ఏం చేసినా అదే అన్నావు. ఈసారి కోపం వస్తే కోపంగానే ఉత్తరం రాయి. చదువుతాను.

పెద్దనాయనకు నా నమస్కారాలు చెప్పు. లక్ష్మికి, పాపకు ఆశీస్సులు. మీ ఇంటిల్లిపాదినీ దేవుడు చల్లగా చూడాలి.

ఇట్లు,
నీకు అపకారం చేసిన
పెద్దక్క సావిత్రి